వాళ్ళకలా అనిపించింది

మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపుకి ‘పుత్తూరు కట్టు’ అని పేరు. రాచపాళెంలో ఎముకలు విరిగినవాళ్ళకి వేసే కట్టు వల్లే కదా మా ఊరు బయట జనానికి తెలిసింది, అదే పెట్టేద్దామని ఎవరో అన్నారు, అలా ఉండిపోయింది. పోయినేడు గుడ్ ఫ్రైడే నాడు ఆ గ్రూపులోంచి ఇద్దరు వెళ్ళిపోయారు. జరిగింది చిన్నదే. ఒకడు పొద్దున్నే సిలువ బొమ్మ పెట్టాడు. దాని కింద ఇంకొకడు ఒక వీడియో లింకు పెట్టాడు. సిలువ మీద చనిపోయింది యేసు కాదు, ఆయన్ని పట్టించిన యూదా అనీ, రెండు వేల ఏళ్ళుగా క్రైస్తవులు అబద్ధం చెబుతున్నారనీ ఆ వీడియో సారాంశం. ‘మేం అబద్ధాలకోరులమా’ అని మొదటివాడు. ‘నేనన్లేదు, మా గ్రంథంలో ఉంది’ అని రెండోవాడు. సాయంత్రానికి ఇద్దరూ లేరు.

నాకిది కొత్త గొడవ కాదు. ఏడో తరగతిలో ఇదే మాట మీద నేనూ, నా పక్క బెంచీవాడూ చొక్కాలు పట్టుకున్నాం. మాది లూథరన్ కుటుంబం. 19వ శతాబ్దం రెండో సగంలో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి మిషనరీలు వచ్చి నాయుడుపేట, సూళ్ళూరుపేట, గూడూరు, తిరుపతి, పుత్తూరు చుట్టుపక్కల పనిచేశారు. మా ఇంట్లో బైబిలు వాళ్ళ కాలంనుంచీ ఉంది. గుడ్ ఫ్రైడే అంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా చర్చిలో సిలువ మీద ఏడు మాటల ప్రసంగాలు. మా అవ్వ ఆ మూడు గంటలూ మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. మరుసటి సోమవారం వాడు బడికొచ్చి, ‘రేయ్, మీ యేసుసామి సిలువ మీద చావనే లేదంట, మా హజరత్ చెప్పినాడు, మీవోళ్ళు ఊరికే ఏడుస్తా వుండారు’ అన్నాడు. నేను కొట్టాను. వాడూ కొట్టాడు.

ఇంటికొచ్చి అవ్వకి చెప్తే ఆమె కోప్పడలేదు. ‘వాళ్ళకీ ఆయనంటే మర్యాదే కదరా. అంత మంచాయన్ని ఆ మాదిరి చంపేదానికి దేవుడు ఒప్పుకుంటాడా అని వాళ్ళ బాధ’ అంది.

అవ్వ చెప్పింది సగం ఎంత సరైనదో తెలియడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. నేను అరబిక్ పండితుణ్ణి కాను, బెంగుళూరులో కోడ్ రాసుకునేవాణ్ణి. కానీ ఆ ఇద్దరూ గ్రూపు వదిలిన రాత్రి నుంచి దొరికిన అనువాదాలూ, పరిశోధనలూ చదువుతూ వచ్చాను. ఆ వీడియో చెప్పినంత సులువుగా ఇస్లామిక్ వ్యాఖ్యాతలు ఎప్పుడూ చెప్పలేదు. అసలు వాళ్ళలో ఒక పెద్దాయన, క్రైస్తవులు అబద్ధం చెప్పలేదని నిరూపించడానికి ఏకంగా వెయ్యేళ్ళ కిందటే వాదన కట్టాడు.

*

ముందు వాక్యం దగ్గరికి వెళ్దాం. ఖురాన్ మొత్తంలో సిలువ ఘటన గురించి నేరుగా ఉన్నది ఒకే చోట, నాలుగో సూరా (అన్నిసా) 157వ ఆయత్‌లో. సందర్భం ముఖ్యం. అక్కడ మాట్లాడుతున్నది క్రైస్తవుల గురించి కాదు. మర్యమ్ కొడుకు మసీహ్‌ని మేమే చంపేశాం అని గొప్పలు పోయినవాళ్ళ గురించి. వాళ్ళ తప్పుల జాబితా ఒకటి నడుస్తూ ఉంటుంది, అందులో ఈ గొప్పలు ఒకటి. దానికి జవాబుగా వాళ్ళు ఆయన్ని చంపనూ లేదు, సిలువ వేయనూ లేదు అని చెప్పి, వెంటనే రెండు మాటలు వస్తాయి: ‘షుబ్బిహ లహుమ్’. ఆపైన ఈ విషయంలో తగువు పడేవాళ్ళంతా సందేహంలోనే ఉన్నారనీ, వాళ్ళ దగ్గర ఉన్నది ఊహే తప్ప తెలివిడి కాదనీ. తర్వాతి ఆయత్‌లో దేవుడు ఆయన్ని తనవైపుకు ఎత్తుకున్నాడని.

అంతే. యూదా పేరు లేదు. ఇంకొకరెవరి పేరూ లేదు. సిలువ మీద ఎవరున్నారో, అసలు ఎవరైనా ఉన్నారో లేదో కూడా లేదు.

కథంతా ఆ ‘షుబ్బిహ’ అన్న క్రియలోనే ఉంది. దాని ధాతువుకి రెండు వైపులా అర్థం ఉంది: పోలిక, సందేహం. మన ఊళ్ళల్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు ‘షక్కూ షుబా’ అంటారు చూడండి, ఆ షుబా ఇదే. పైగా అది కర్మణి ప్రయోగం. చేసిందెవరో చెప్పదు, దేనికి చేశారో కూడా తేల్చదు. ‘లహుమ్’ అంటే మాత్రం స్పష్టం: వాళ్ళకి.

మా భాషలో చెప్పాలంటే ఫంక్షన్ ఉంది, ఆర్గ్యుమెంట్ ఒకటి ఖాళీగా ఉంది. ఆ ఖాళీని ఏం పెట్టి నింపాలన్నదే పన్నెండు పదమూడు వందల ఏళ్ళ చర్చ.

*

ఖాళీని నింపినవాళ్ళలో మొదట చూడాల్సింది తబరీని. 923లో బాగ్దాదులో చనిపోయిన ఈయన, తన ముందు మూడు వందల ఏళ్ళలో ఎవరెవరు ఏ ఆయత్ గురించి ఏం చెప్పారో అన్నీ పోగేసి, పరంపరతో సహా రాసిపెట్టాడు. ఈ ఆయత్ కింద కథలు చాలానే ఉన్నాయి. ఒక కథలో యేసు శిష్యులతో ఇంట్లో ఉండగా శత్రువులు చుట్టుముడతారు. ‘నా రూపం తీసుకుని నా బదులు చచ్చి, స్వర్గంలో నాతో ఉండేవాళ్ళెవరు’ అని ఆయన అడుగుతాడు. ఒకడు లేచి నిలబడతాడు. ఇంకో కథ వహబ్ ఇబ్న్ మునబ్బిహ్ అనే యెమెన్ పండితుడి పేరు మీద ఉంది. అందులో శత్రువులు లోపలికి వచ్చేసరికి ఇంట్లో ఉన్న అందరి ముఖాలూ యేసు ముఖాలే. ఎవరు అసలో తెలియక వాళ్ళు ఒకణ్ణి పట్టుకుపోతారు. పట్టించినవాణ్ణే సిలువ వేశారన్న మాట కూడా ఆ పోగులో ఒక మూల ఉంది, కానీ అనేక మాటల్లో ఒకటిగా. అదే వహబ్ పేరు మీద మూడో సూరా 55వ ఆయత్ దగ్గర ఇంకో మాట కనిపిస్తుంది: దేవుడు యేసుని పగటిపూట మూడు గంటల సేపు చనిపోనిచ్చి తర్వాత ఎత్తుకున్నాడని. ఆ మూడు గంటలు చదివినప్పుడు నాకు చర్చిలో బెంచీ మీద కూర్చున్న అవ్వ గుర్తొచ్చింది.

తబరీ పోగేసి ఊరుకోలేదు. ఏ కథ సరైనదో తేల్చాలని చూశాడు. అందరి ముఖాలూ మారిపోయిన కథ వైపే మొగ్గాడు. ఆయన కారణం చూడండి. ఒక్క శిష్యుడే అందరి ముందు లేచి ‘నేను’ అని, వాళ్ళ కళ్ళముందే రూపం మారి ఉంటే, మిగతా శిష్యులకి నిజం తెలిసిపోయి ఉండేది. తెలిసీ ‘మా గురువు సిలువ మీద చనిపోయాడు’ అని లోకానికి చెప్పారంటే వాళ్ళు అబద్ధం ఆడినట్టే. కానీ యేసు శిష్యులని ఖురానే మెచ్చుకుంటుంది. వాళ్ళు అలాంటివాళ్ళు కారు. కాబట్టి వాళ్ళు కూడా తికమకపడి ఉండాలి. తాము చూసిందాన్ని తాము చూసినట్టే చెప్పారు. దేవుడి దగ్గర ఉన్న నిజం వేరు కావచ్చు, కానీ వాళ్ళు మోసం చెయ్యలేదు.

నేను ఈ పేజీ దగ్గర చాలాసేపు ఆగాను. తబరీకి నా విశ్వాసం తప్పు. అందులో ఆయనకి ఏ అనుమానమూ లేదు. కానీ తప్పు పడినవాడికీ అబద్ధం ఆడినవాడికీ మధ్య గీత గియ్యడానికి ఆయన ఇంత కష్టపడ్డాడు. మా గ్రూపులో వచ్చిన వీడియో ఆ గీతనే చెరిపేసింది.

*

తర్వాత వచ్చినవాడు వ్యాకరణం తెలిసినవాడు. మధ్య ఆసియాలోని ఖ్వారజమ్ నుంచి వచ్చిన జమఖ్షరీ (మరణం 1144). అరబిక్ వ్యాకరణంలో ఈయన రాసినవి నేటికీ చదువుతారు. ఈయన కథల జోలికి పోయే ముందు వాక్యాన్ని పట్టుకున్నాడు: ‘షుబ్బిహ’కి కర్త స్థానంలో ఎవరున్నారు? మసీహ్ అందామా అంటే, పోలిక ఆయనతో వచ్చింది, ఆయనకి కాదు. పోలిక వచ్చినవాడు ఎవడో చంపబడ్డవాడు అందామా అంటే, వాడి ప్రస్తావన వాక్యంలో ఎక్కడా లేదు. అప్పుడు ఒక దారి చూపిస్తాడు. క్రియని ‘లహుమ్’కే ముడేస్తే చాలు. ‘వాళ్ళకి భ్రమ కలిగింది’ అన్నట్టు. రెండో దారిగా, చంపామన్న మాటలోంచి చంపబడ్డవాణ్ణి ఊహించుకోవచ్చనీ అన్నాడు. కానీ మొదటి దారిలో సిలువ మీద ఇంకొకణ్ణి నిలబెట్టాల్సిన అవసరమే లేదు.

ఆ తలుపు తెరిచాక ఫఖ్రుద్దీన్ రాజీ (మరణం 1210) వచ్చాడు. ఈయన తర్కవేత్త. మూడో సూరా వ్యాఖ్యలో వరసగా చిక్కుప్రశ్నలు వేస్తాడు. దేవుడు ఒకరి రూపం ఇంకొకరి మీద వేస్తాడని ఒప్పుకున్నామా, ఇక అంతే. ఇప్పుడు నా కొడుకుని చూశాను, కాసేపాగి మళ్ళీ చూస్తే వాడు నా కొడుకేనని ఏంటి నమ్మకం? పెళ్ళి, విడాకులు, ఆస్తి హక్కు, ఏదీ నిలబడదు. అందరూ చూసి చెప్పినదాన్ని నమ్మలేకపోతే ప్రవక్తల గురించి మనకున్న సమాచారం సంగతేంటి? ఇంకా, యేసుని కాపాడాలంటే ఎత్తుకుంటే సరిపోయేది కదా, మధ్యలో ఇంకొకణ్ణి బలి పెట్టడం ఎందుకు?

డీప్‌ఫేక్ వీడియోలు చూసి ఎవరి ముఖాన్నీ నమ్మలేని మన కాలంలో ఈ ప్రశ్న ఎనిమిది వందల ఏళ్ళ కిందటిది అంటే వింతగానే ఉంటుంది. రాజీ తన ప్రశ్నలకి తనే జవాబులూ చెప్పుకున్నాడు: దేవుడికి అది సాధ్యమైనంత మాత్రాన మన రోజువారీ నమ్మకాలు కూలిపోవనీ, స్పష్టమైన గ్రంథవాక్యం ముందు ఇలాంటి సందేహాలు నిలవవనీ. జవాబులు అందరికీ సరిపోతాయా అన్నది వేరే మాట. తన పక్షానికి వచ్చే ఇబ్బందుల్ని ఎదుటివాడి కంటే బలంగా తనే రాసిపెట్టడం నాకు నచ్చింది. మేం కోడ్ రివ్యూలో కూడా అంత నిజాయితీగా ఉండం.

ఇక ఈ ప్రధాన దారికి పక్కన నడిచినవాళ్ళు ఉన్నారు. 10వ శతాబ్దంలో బస్రాలో ‘ఇఖ్వానుస్సఫా’ అనే అజ్ఞాత తాత్విక బృందం యేసు దేహం సిలువ మీద చనిపోయిందనే రాసింది. దాదాపు అదే కాలానికి చెందిన ఇస్మాయిలీ పండితుడు అబూ హాతిమ్ రాజీ (పై రాజీ వేరు) కూడా ఆ వైపే మాట్లాడాడు. దేవుడి దారిలో చంపబడ్డవాళ్ళని చచ్చినవాళ్ళు అనకండి, వాళ్ళు బతికే ఉన్నారు అని ఖురాన్‌లో ఇంకోచోట ఉంది కదా, ‘చంపలేదు’ అన్నదాన్ని ఆ వెలుగులో చదవాలని ఆయన వాదన. వీళ్ళు తక్కువమంది. మెజారిటీ ముస్లిముల విశ్వాసం నాడూ నేడూ ఒకటే: ఈసా సిలువ వేయబడలేదు, సజీవంగా ఎత్తబడ్డాడు. కానీ ఎలా అన్నదాని మీద ఒకే జవాబు ఏనాడూ లేదు.

ఇంత చెప్పుకున్నాక ఇంకో మాట కూడా చెప్పాలి. సిలువ మీద ఇంకొకరున్నారన్న ఊహ ఇస్లాంతో పుట్టింది కాదు. సుమారు 180లో ఇరేనియస్ అనే బిషప్, బాసిలిడీస్ అనే క్రైస్తవ గురువు మీద ఫిర్యాదు చేస్తూ, సిలువ మోసిన కురేనీయుడైన సీమోనే యేసు రూపంలో చనిపోయాడని అతను చెబుతున్నాడని రాశాడు. అంటే ఈ తగువు మొదలైంది మా ఇంట్లోనే. 8వ శతాబ్దంలో డమాస్కస్‌కి చెందిన యోహాను, ముస్లిములు యేసు నీడనే సిలువ వేశారంటారు అని రాసిపెట్టాడు. మరి ఆ వీడియోలో యూదా అంత ధీమాగా ఎక్కణ్ణించి వచ్చాడు? చాలావరకు ‘బర్నబా సువార్త’ నుంచి. దాని ఇటాలియన్ రాతప్రతి వియన్నాలో ఉంది. 1907లో ఇంగ్లీషులోకి, మరుసటి ఏడే కైరోలో అరబిక్‌లోకి వచ్చింది. అందులో యేసు నజరేతుకి పడవలో వెళ్తాడు. నజరేతు కొండ మీద ఊరు. మధ్యయుగాల చివర్లోనో ఆ తర్వాతో రాసినదని పండితులు తేల్చారు. తబరీకీ జమఖ్షరీకీ రాజీకీ అది తెలియదు, దాని అవసరమూ రాలేదు.

*

ఇదంతా ఎక్కడో బాగ్దాదు, బస్రా సంగతి అనుకోవద్దు. వలసపాలన కాలంలో మిషనరీలతో ఎదురుపడ్డాక మన దేశంలో ఈ ఆయత్ మీద కొత్త వాదనలు వచ్చాయి. అలీగఢ్ కాలేజీ పెట్టిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్, యేసుని సిలువకి ఎక్కించారు కానీ ఆయన అక్కడ చనిపోలేదు, ఆయత్ కాదంటున్నది చావునే అని రాశాడు. పంజాబులో అహ్మదీయ శాఖ స్థాపకుడు మీర్జా గులామ్ అహ్మద్ ఇంకా ముందుకెళ్ళి, ఆయన కోలుకుని కశ్మీరుకి వచ్చి సహజంగా చనిపోయాడనీ, శ్రీనగర్‌లోని ఒక సమాధి ఆయనదేననీ అన్నాడు. మిగతా ముస్లిములు దాన్ని ఒప్పుకోలేదు. 1942లో కైరో అజ్హర్‌కి చెందిన మహమూద్ షల్తూత్, దేహంతో సజీవంగా ఎత్తబడ్డాడనడానికి ఖురాన్‌లో ఖచ్చితమైన ఆధారం లేదని ఫత్వా ఇచ్చి పెద్ద దుమారం లేపాడు.

మన హైదరాబాదూ ఈ కథలో ఉంది. ఇంగ్లీషు చదివే ముస్లిముల ఇళ్ళల్లో చాలాచోట్ల కనబడే పిక్తాల్ ఖురాన్ అనువాదం నిజాం కొలువులో తయారైంది. మార్మడ్యూక్ పిక్తాల్ ఆంగ్లికన్ పాస్టరు కొడుకు. చిన్నప్పటి నుంచీ గుడ్ ఫ్రైడే ఎరిగినవాడు. 1917లో ఇస్లాం తీసుకున్నట్టు ప్రకటించి, 1925లో హైదరాబాదు వచ్చి చాదర్‌ఘాట్ హైస్కూలుకి హెడ్మాస్టరయ్యాడు. అనువాదం పూర్తి చెయ్యమని నిజాం జీతంతో సెలవిచ్చాడు. పిక్తాల్ అచ్చుకి ముందు కైరో వెళ్ళి అక్కడి పండితులతో కూర్చుని సరిచూసుకున్నాడు. 1930లో పుస్తకం వచ్చింది. ఈ ఆయత్ దగ్గర ఆయన ఇంకో మనిషిని తీసుకురాలేదు. పోలిక అన్న మాటా వాడలేదు. వాళ్ళకి అలా కనబడిందన్న అర్థంలో క్లుప్తంగా వదిలేశాడు. అంటే జమఖ్షరీ మొదటి దారి.

అంతకు కొద్ది ముందే, 1920లలో, తొలి తెలుగు ఖురాన్ అచ్చయింది. చేసింది మౌల్వీ కాదు. అనంతపురం సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీలో తెలుగు చెప్పిన, తర్వాత ‘ఆంధ్రభాషా చరిత్ర’ రాసిన చిలుకూరి నారాయణరావు. మన రాయలసీమలో ఒక బ్రాహ్మణ భాషాశాస్త్రవేత్త ఇదే ఆయత్ ముందు కూర్చుని, ఆ ఖాళీని తెలుగులో ఏం చెయ్యాలా అని ఆలోచించిన రోజొకటి ఉండి ఉంటుంది.

*

నేనూ ప్రయత్నించాను, కాగితం మీద. తెలుగులో మూడు దారులు కనిపించాయి.

ఒకటి: ‘ఆయన పోలిక ఇంకొకరికి ఇవ్వబడింది.’ ఇందులో లేని మనిషిని మనం తెచ్చి సిలువ మీద నిలబెడుతున్నాం. రెండు: ‘వాళ్ళు మోసపోయారు.’ ఇందులో మోసగాడు ఎవడన్న ప్రశ్న వెంటనే వస్తుంది. మూడోది రాసి చూసుకుంటే ఆశ్చర్యం వేసింది: ‘వాళ్ళకలా అనిపించింది.’

ఇంగ్లీషుకి కర్త లేకుండా వాక్యం నడవదు, ఉత్తిదో గట్టిదో ఒకటి పెట్టాలి. తెలుగుకి ఆ బాధ లేదు. నాకు ఆకలేసింది, ఆమెకి భయమేసింది, వాళ్ళకి అనిపించింది. చేసినవాడు లేడు, అనుభవించినవాడు ‘కి’ తగిలించుకుని ముందు నిలబడతాడు. జమఖ్షరీ క్రియని లహుమ్‌కి ముడేద్దామని వ్యాకరణ యుక్తి వెతుక్కుని చెప్పినది, మనం రోజుకి వంద సార్లు ఆలోచించకుండా చేసే పని. ఖాళీని ఖాళీగానే ఉంచే వాక్యం మన నోట్లోనే ఉంది. పైగా తబరీ గీసిన గీత కూడా అందులో ఉంది. ‘అనిపించింది’ అన్నప్పుడు నువ్వు పొరపడ్డావంటున్నాం కానీ అబద్ధమాడావనడం లేదు.

ఈ సంతోషంలో, ఏడో తరగతిలో నేను కొట్టినవాడికే ఫోన్ చేశాను. వాడిప్పుడు చెన్నైలో ఉంటాడు, నాకంటే శ్రద్ధగా మతం పాటిస్తాడు. అంతా విని, ‘బాగుంది గానీ మచ్చా, తప్పు’ అన్నాడు.

‘ఏంది తప్పు?’

‘అనిపించింది అంటే వాళ్ళంతట వాళ్ళకి అనిపించినట్టుంది. అక్కడున్నది కర్మణి. చేసినోడి పేరు చెప్పలేదంతే, చేసినోడు లేడని కాదు. చేసింది అల్లా. నీ వాక్యంలో ఆయన లేడు.’

నేను వాదించాను. ఆకలేసినా భయమేసినా వెనక కారణం ఉండదా, చెప్పకపోతే లేనట్టా అన్నాను. వాడు ఒప్పుకోలేదు. ‘అనిపింపజేయబడింది’ అని రాయమన్నాడు. అది తెలుగు కాదన్నాను. నీకు తెలుగు కావాల్నా, అర్థం కావాల్నా అన్నాడు. ఏ అనువాదకుడి దగ్గరా ఈ ప్రశ్నకి తేలికైన జవాబు ఉండదు, నా దగ్గర అసలే లేదు. మా అవ్వ చెప్పిన మాట వాడికి చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. ‘అంతే కదా మరి’ అన్నాడు. ‘ప్రవక్తని దేవుడు వాళ్ళ చేతికి వదిలేస్తాడా?’

అక్కడ మా దారులు వేరని ఇద్దరికీ తెలుసు. నాకు ఆ సిలువ మీదున్నది ఆయనే. వదిలేశాడనిపించిన ఆ మూడు గంటల్లోనే నా విశ్వాసం అంతా ఉంది. వాడికి వదిలెయ్యకపోవడంలో ఉంది. ఇది ఏ వ్యాకరణంతోనూ అతికేది కాదు, అతకాల్సిన అవసరమూ లేదేమో.

గ్రూపు వదిలిన ఇద్దరికీ విడివిడిగా మెసేజ్ పెట్టాను. తబరీ చెప్పినది నాలుగు వాక్యాల్లో రాశాను. ఒకడు చదివాడు, జవాబివ్వలేదు. రెండోవాడు, ఆ వీడియో పెట్టినవాడు, ‘తబరీ అంటే ఎవరు’ అని అడిగాడు. ఇప్పుడు వాడికి అది చెప్తున్నాను.